క్వాయ్ లేని సాగనంపు

దారిలిన్ ఇంట్లోకి గ్యాస్ పొయ్యి వచ్చిన రోజు ఆమె అన్నం ముట్టలేదు. కూతురు ఇబాన్ ముచ్చటపడి, సిలిండర్‌ని ఒక మనిషి వీపుకి కట్టించి మెట్లదారి పొడవునా దింపించింది. దారిలిన్ దాని మీద గోనెపట్టా కప్పింది, పట్టా మీద ఎండుచేపల బుట్ట పెట్టింది, ఎప్పటిలాగే కట్టెలపొయ్యి ముందు కూర్చుంది. ఆ తర్వాత సాక్ష్యానికి నన్ను పిలిచింది. మా రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒక్క రాతిగోడ. "చూశావా మెరీ, నా కడుపున పుట్టిందే నా ఇంట్లో బాంబు తెచ్చి పెట్టింది" అంది. ఆ బాంబు మీద చేపల బుట్ట చాలాకాలం కదల్లేదు.

దారిలిన్ అంటే అదీ. షిల్లాంగ్ దిగువన పైనుర్స్లా రోడ్డు నుంచి లోయలోకి దిగే మా ఊళ్లో ఆమెకంటే కలిగినవాళ్లున్నారు, చదువుకున్నవాళ్లున్నారు. ఆమె మాటకి ఎదురు చెప్పే ఆడదాన్ని మాత్రం నేనొక్కదాన్నే, అదీ ఆమె మంచి హుషారులో ఉన్నప్పుడు చూసుకుని. తల్లికి ఆఖరి కూతురు కాబట్టి ఇల్లూ వక్కతోటా ఆమె చేతికే వచ్చాయి. మావైపు అంతే, ఆస్తి ఆఖరి ఆడపిల్ల చూసుకుంటుంది, అన్నదమ్ములు సలహాలు చూసుకుంటారు. దారిలిన్ అన్న రెస్టోన్ ఆ విషయంలో ఎవరికీ తీసిపోడు.

ఆమె బతుక్కి ఒకటే సూత్రం. అమ్మమ్మ తిననిది మనం తినకూడదు. ఊటనీళ్లు, కొండబియ్యం, పెరట్లో ఆకుకూర, పొయ్యి మీద పొగకి వేలాడే చేప, పండగకి నల్లనువ్వులు నూరి వండిన పంది మాంసం. పొట్లంలో వచ్చేదేదీ గడప దాటకూడదు. ఒకసారి ఇబాన్ కూతురు నాఫి బడి నుంచి వస్తూ రోడ్డు మీది కొట్లో నూడుల్స్ కొనుక్కొచ్చింది. దారిలిన్ దాన్ని అలాగే తీసుకెళ్లి పంది తొట్టిలో వేసి, పంది కూడా ముట్టదు చూడమని మనవరాలికి చెప్పింది. పంది తొట్టి అడుగుదాకా నాకేసింది. దానికి బుద్ధి లేదని తీర్పు చెప్పి లోపలికి పోయింది దారిలిన్.

చర్చిలో ఆడవాళ్ల సమావేశాల్లో ఏటా ఆమెకే మాట్లాడే పని పెట్టేవాళ్లు. మన అమ్మమ్మలకి షుగరు లేదు, బీపీ లేదు, క్యాన్సర్ అన్న మాటే లేదు, ఇవన్నీ రోడ్డెక్కి దిగొచ్చిన జబ్బులు అనేది. టీవీ ముందు కూర్చుని పొట్లాలు నమిలే కోడెవయసు పిల్లలు ముప్పై ఏళ్లకే ముసలివాళ్లవుతున్నారనేది. మేమందరం బుగ్గలో క్వాయ్ పెట్టుకుని, నమలడం ఆపకుండా, అవునవునని తలలూపేవాళ్లం.

క్వాయ్ సంగతి ఇప్పుడైతే చెప్పాల్సి వస్తోంది గానీ, అప్పట్లో దాని గురించి చెప్పడానికి ఏదైనా ఉందని మాకెవరికీ తోచలేదు. నెలల తరబడి నీటిగుంటలో నానబెట్టిన పచ్చి వక్క, సున్నం రాసిన తమలపాకు, అంతే. ఇంటికెవరొచ్చినా ముందు అదే. కలిగినింట్లోనూ అదే, లేనింట్లోనూ అదే, కాబట్టి ఎవరికీ సిగ్గుపడే పని లేదు. పెట్టకపోతే పొమ్మన్నట్టు, పెట్టింది తీసుకోకపోతే తెగదెంపులు చేసుకున్నట్టు. మనిషి పోతే పోయాడనం, దేవుడి గుమ్మంలో క్వాయ్ తినడానికి వెళ్లాడంటాం. అక్కడా మర్యాద తప్పదని మా నమ్మకం.

దారిలిన్ జీవితంలో అన్నిటికంటే తియ్యటి జ్ఞాపకం కూడా అదే. ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చిన్నపిల్లగా ఉండగా తోట నుంచి వానలో తడిసి, పళ్లు కొట్టుకుంటూ వస్తే, అమ్మమ్మ తన నోట్లో నమిలి మెత్తబడ్డ క్వాయ్ తీసి ఆమె నోట్లో పెట్టింది. చెవులు వేడెక్కాయి, నుదుటి మీద చెమట పట్టింది, చలి ఎటు పోయిందో తెలియలేదు. "ఆ రోజు నుంచి నేను ఈ ఇంటి ఆడదాన్నయ్యాను" అనేది. నాఫికి కూడా మొదటి క్వాయ్ తనే పెడతానని, వచ్చే చలికాలం పెడతానని మాటిచ్చింది. ఆ పిల్ల నన్ను చూసినప్పుడల్లా చలికాలం ఎప్పుడొస్తుందని అడిగేది.

చలికాలం కంటే ముందు దారిలిన్‌కి ముద్ద దిగడం మానేసింది. మొదట అన్నం గుండెల దగ్గర ఆగుతోందంది. ఇబాన్ అన్నం మెత్తగా వండడం మొదలుపెడితే, కుక్కర్లో వండావు అందుకే ఆగుతోందని పోట్లాడింది. ఆ తర్వాత తప్పు సంతలో కొన్న కోడిదైంది, దానికి సూదిమందులిస్తారు కదా అంది. తర్వాత మైదానం నుంచి వచ్చే క్యాబేజీది. తర్వాత కొండ మీద కొత్తగా వేసిన ఫోను టవరుది. ఆ టవరు తీసెయ్యాలని ఊరిపెద్దల దగ్గరికి వెళ్తే వాళ్లు క్వాయ్ పెట్టి, విని, పంపించారు. ఆమెకి నానాటికీ బుగ్గలు లోపలికి పోతున్నాయి. గొంతులో మంట తగ్గాలని మరో ముక్క నోట్లో వేసుకునేది. దిగేది ఇదొక్కటేనని నాతో అంది, అదేదో క్వాయ్ చేసిన మేలులా.

చివరికి నేనూ ఇబానూ కలిసి రోడ్డు మీది డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మనవాడే, పెద్దవయసు. పొగాకు తింటారా అని అడిగాడు. లేదంది. బీడీ? లేదు. సారా? దేవుడి తోడు, లేదు. ఇంకేమైనా అలవాట్లున్నాయా అని మా ఇద్దరినీ అడిగాడు. మేమిద్దరం కూడా లేవని తల అడ్డంగా ఊపాం. అబద్ధం చెప్పామని ఎవరైనా అంటే అప్పుడు నేను చెంప పగలగొట్టేదాన్ని. అలవాటంటే తాగుడు, అలవాటంటే పొగ. క్వాయ్‌ని అలవాటనడం ఏమిటి, కూర్చోవడం నిలబడడం అలవాట్లా? ఆ మాటల మధ్యలోనే దారిలిన్ సంచి విప్పి వక్క కోసింది, ఆకుకి సున్నం రాసి ఆయనకిచ్చింది. ఆయన ఖుబ్లెయ్ అని మా భాషలో కృతజ్ఞత చెప్పి, దండం పెట్టి బుగ్గలో వేసుకుని, గ్యాస్ పట్టిందని సీసా మందు రాశాడు.

ఆ సీసాలతో వానాకాలమంతా గడిచిపోయింది. దేవుడు నన్ను ఏమన్నా సరే, ఆ వానాకాలం విషయంలో నేను ఎవరినీ క్షమించను.

షిల్లాంగ్ పెద్దాసుపత్రికి వెళ్లేసరికి ఆమెకి జావ కూడా గుటక గుటకగా దిగుతోంది. గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం చెప్పడానికి మమ్మల్ని కూర్చోబెట్టిన డాక్టరమ్మ చిన్నది, ఇబాన్ కంటే చిన్నది. మా భాషలోనే మాట్లాడుతోంది. దారిలిన్ తన పద్ధతి ప్రకారం వక్కా ఆకూ తీసి ఆ పిల్ల ముందు పెట్టింది. ఆ పిల్ల చెయ్యి చాపలేదు.

"వద్దు కోంగ్."

కోంగ్ అంటే అక్క, వయసులో పెద్దదైన ఏ ఆడమనిషినైనా అలాగే పిలుస్తాం. అంత మర్యాదగానే అంది గానీ, దారిలిన్ మొహం మాడిపోయింది. ఆమె చేతి క్వాయ్ తిరిగి ఆమె చేతిలోనే ఉండిపోవడం అదే మొదటిసారి.

"మీ అమ్మ నీకు మర్యాద నేర్పలేదా?" అంది.

"నేర్పింది కోంగ్. మా అమ్మ కూడా ఇదే తినేది. ఇదే జబ్బుతో పోయింది."

తర్వాత ఆ పిల్ల రోజుకి ఎన్ని తింటారని అడిగింది. ఊపిరి ఎన్నిసార్లు పీలుస్తావో నువ్వు లెక్కపెట్టుకుంటావా అంది దారిలిన్. డాక్టరమ్మ కోప్పడలేదు. ఆహారం దిగే గొట్టంలో క్యాన్సర్ అని చెప్పింది. ఒక మనిషికి ఇది ఫలానా దాని వల్లే వచ్చిందని ఎవరూ వేలు పెట్టి చూపించలేరంది. పొయ్యి పొగ, పొగబెట్టిన చేప, గొంతు కాలేంత వేడి టీ, అన్నీ కలిసి ఉండొచ్చంది. కానీ పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే చాలు, ఈ రోగానికి తలుపు తియ్యడానికి, ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసంది. ఎవరికి తెలుసు? నాకది అడగాలనిపించింది. తెలిసినవాళ్లెవరూ మా మెట్లు దిగలేదు. టీవీలో పొగాకు వద్దన్నారు, సారా వద్దన్నారు, అవి మావి కావని మేం గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాం.

దారిలిన్ చేతిలోని క్వాయ్‌ని మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, డాక్టరమ్మకి వినపడకుండా, "అయితే పొట్లాల వల్ల కాదటనా మెరీ?" అంది. పొట్లాల వల్ల అయ్యుంటే ఆమె సంతోషించేది. నిజంగా చెబుతున్నాను, ఆ క్షణాన ఆమెకి జబ్బు కంటే అదే పెద్ద దెబ్బ.

కరెంటు పెట్టారు, సెలైన్లు పెట్టారు, కొంత తగ్గినట్టు చేసి మళ్లీ మొదటికొచ్చింది. ఇంటికి తెచ్చేశాం. వచ్చిన కొద్దిరోజులకి తనని చర్చి వెనక సమాధుల దగ్గరికి తీసుకెళ్లమంది. నేనూ రెస్టోనూ చెరో రెక్కా పట్టుకుని నడిపించాం. అమ్మమ్మ రాయి ముందు కూర్చుంది. పక్కనే తల్లిది, ఆ పక్కన పెద్దమ్మది. ముగ్గురూ చివర్లో తిండి మానేసి పోయారు. మా లోయలో ముసలివాళ్లు అలాగే పోతారు. ముందు అన్నం వద్దంటారు, తర్వాత జావ వద్దంటారు, తర్వాత గోడవైపు తిరుగుతారు. వయసైపోయాక లోకం మీద మనసు విరిగి తినరని చెప్పుకునేవాళ్లం. వద్దన్నారో, దిగలేదో, ఎవరడిగారు?

"నమ్మించి గొంతు కోశావు కదే అమ్మమ్మా" అంది దారిలిన్ ఆ రాయితో. "కుక్కర్ని నమ్మలేదు, కూతుర్ని నమ్మలేదు. నిన్ను నమ్మాను."

అమ్మమ్మకి మాత్రం ఏం తెలుసు, ఆవిడా అలాగే పోయింది కదా అన్నాడు రెస్టోన్. దారిలిన్ అతని వైపు చూసి, నీ బుగ్గలో ఏముందని అడిగింది. అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం? ఆమె కిటికీలోంచి చూస్తే కనపడేది ఆ తోటే. ముత్తాతల నాటి వక్కచెట్లు, వాటి మొదలు నుంచి పైదాకా అల్లుకున్న తమలపాకు తీగలు. ఇబాన్ చదువు వాటి మీదే, ఇంటి మీద రేకు వాటి మీదే. వాటిని కొట్టెయ్యమని ఆమె ఎప్పుడూ అనలేదు, అంటే ఇల్లేం తింటుందో ఆమెకి తెలుసు. కిటికీ మాత్రం మూయించింది.

ఆ చలికాలం మొదట్లోనే నాఫి వచ్చి మంచం పక్కన నిలబడి నోరు తెరిచింది, పెట్టమన్నట్టు. దారిలిన్ పెట్టనంది. ఎప్పటికీ పెట్టనని, ఎవరు పెట్టినా తినొద్దని, నోట్లో వేసుకుంటే తన మీద ఒట్టని చెప్పింది. పిల్లకి ఏడుపొచ్చింది. పెడతానని మాటిచ్చావుగా అని అమ్మమ్మని నిలదీసి, రెండురోజులు ఆమె గదిలోకి రాలేదు. ఆ రెండురోజులు దారిలిన్ పడ్డ బాధ జబ్బు బాధ కంటే ఎక్కువ. కానీ మాట మార్చుకోలేదు.

తర్వాత మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచింది, ఇబాన్‌ని, రెస్టోన్‌ని, నన్ను. అప్పటికి గొంతు కీచుమంటోంది, దగ్గరికి వంగితే తప్ప వినపడదు.

"నేను పోయాక ఈ ఇంట్లో క్వాయ్ పంచొద్దు. టీ ఇవ్వండి, పిండిరొట్టె పెట్టండి. క్వాయ్ వద్దు."

రెస్టోన్ ఉలిక్కిపడ్డాడు. చావుకొచ్చినవాళ్లకి క్వాయ్ పెట్టని ఇల్లు మా లోయలో ఇంతవరకూ లేదు.

"అన్నా, నేను ఇక ఎవరికీ నీతులు చెప్పను, చెప్పినవి చాలు. నాఫి చూస్తుంది. నన్ను పెట్టెలో పడుకోబెట్టి, చుట్టూ కూర్చుని మీరందరూ అదే నములుతుంటే, ఇక నా ఒట్టు దేనికి? ఆ ఒక్కరోజు ఆపితే దానికి గుర్తుంటుంది."

రెస్టోన్ అలాగేనన్నాడు. ఇబాన్ తల్లి చెయ్యి పట్టుకుని, దేవుడి మీద ప్రమాణం చేసి, అలాగేనంది. నేను చెప్పాల్సిన పని లేదు, నేను షిల్లాంగ్ నుంచి వచ్చిన రోజే మానేశాను. మానేశానని చెప్పడం సులువు. ఇప్పటికీ పొరుగింటికి వెళ్తే నాకు ముళ్ల మీద కూర్చున్నట్టుంటుంది. వాళ్లు పళ్లెం చాపుతారు, నేను వద్దంటాను, వాళ్లు నా మొహం చూస్తారు.

పోయే ముందు ఒక పొద్దున మాత్రం ఆమె నవ్వింది. చర్చి పెద్ద వచ్చి ప్రార్థన చేసి, దేవుడి గుమ్మంలో మనవాళ్లంతా క్వాయ్ పళ్లెం పెట్టుకుని నీకోసం ఎదురుచూస్తుంటారు, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్లాడు. దారిలిన్ నన్ను వంగమని సైగ చేసింది.

"అక్కడ కూడా అదేనా?" అంది. "నాకొద్దే. గ్లాసుడు మంచినీళ్లు ఇమ్మని చెప్పు. గటగటా తాగుతాను."

అప్పటికి ఆమెకి చెంచాడు నీళ్లు కూడా దిగడం లేదు. తడిగుడ్డతో పెదాలు అద్దేవాళ్లం.

ఆమె పోయిన మర్నాడు నాలుగూళ్ల జనం మెట్లెక్కీ దిగీ వచ్చారు. ఇబాన్ పెద్ద డేగిసాలో టీ పెట్టింది, బియ్యప్పిండి రొట్టెలు చేయించింది. పొద్దున్నుంచీ గట్టిగానే నిలబడింది. జనం టీ తాగారు, రొట్టె తిన్నారు, చేతులు ఖాళీగా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ అడగలేదు. అడగరు. కానీ ఆ ఖాళీ చేతులు ఎంత గట్టిగా అడుగుతాయో మావాళ్లకి తెలుసు. ఒక ముసలావిడ పక్కావిడతో, పాపం దారిలిన్ ఇంత లేనిదై పోయిందా అంది. ఆమె నిజంగా జాలిపడే అంది, అదే ఇబాన్‌కి సూదిలా గుచ్చుకుంది.

రెస్టోన్ అప్పటికే తోటకి మనిషిని పంపాడు. చెల్లెలి నీటిగుంటలోంచి, చెల్లెలు తన చేత్తో నానబెట్టిన బుట్టనే తీయించాడు. పెరట్లో ఆడవాళ్లు వక్కలు కొయ్యడం, ఆకులకి సున్నం రాయడం నేను చూసేసరికి సగం అయిపోయింది. ఏమిటిదని అడిగాను. వంశం పరువు, నీకు తెలియనిదేముందన్నాడు. చచ్చేవాళ్లు బాధలో ఏవేవో అంటారు, బతికున్నవాళ్లు నలుగురిలో తిరగాలన్నాడు. నేను ఇబాన్ దగ్గరికి పరిగెత్తాను, ఆమె ఆపుతుందని. ఆమె పళ్లెం కోసం చెయ్యి చాపి ఉంది. ఇంటి ఆఖరి కూతురు కదా, పంచడం ఆమె వంతు. నా కళ్లలోకి చూడలేదు. తల్లి చెయ్యి పట్టుకుని దేవుడి మీద ప్రమాణం చేసిన చేతులే అవి.

పెట్టె చుట్టూ కూర్చున్నవాళ్లందరి దవడలూ ఆడుతున్నాయి. అందరికీ ప్రాణం కుదుటపడింది, మాటలు కూడా పెరిగాయి. నాఫి గోడవారన నిలబడి తల్లినే చూస్తోంది. రెస్టోన్ ఆ పిల్లని ఒళ్లోకి తీసుకుని, ఒక చిన్న ముక్క తుంచాడు.

"మీ అమ్మమ్మ నీకు పెడతానందిగా. ఆమె బదులు నేను పెడుతున్నా, తిను."

పిల్ల పెట్టె వైపు ఒకసారి చూసింది, పళ్లెం పట్టుకున్న తల్లి వైపు చూసింది, నోరు తెరిచింది. చెవులు ఎర్రబడ్డాయి, ఎక్కిళ్లొచ్చాయి, తల తిరిగి తాత భుజం పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ముద్దుగా నవ్వారు. ఇక పెద్దదైపోయిందని ఎవరో అన్నారు. దారిలిన్ అక్కడే పడుకుని ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

నేను వెళ్లి ఆ పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టి ఉమ్మెయ్యమన్నాను. ఎర్రగా నా అరచేతిలో ఉమ్మింది. చావింట్లో గొడవేమిటి మెరీ అన్నాడు రెస్టోన్. నాకు తిట్టడానికి మాటలు లేక కాదు, దారిలిన్ ముందు తిట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఉమ్మింది కడుక్కుని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

చర్చి పెద్ద లేచి, కోంగ్ దారిలిన్ మన పెద్దల బాటలో బతికిందని, ఇప్పుడు దేవుడి గుమ్మంలో క్వాయ్ తినడానికి వెళ్లిందని చెప్పాడు. అందరూ తల వంచారు.

నాఫి నా చెంగు లాగింది. "అమ్మమ్మ అక్కడ ఇదే తింటోందా?"

"లేదమ్మా" అన్నాను. "నీళ్లు తాగుతోంది."

అప్పటికి ఇబాన్ పంచుకుంటూ మా వరసకి వచ్చింది. అలవాటుగా పళ్లెం నా ముందుకి చాపింది. నేను తీసుకోలేదు.

"తీసుకో కోంగ్, అందరూ చూస్తున్నారు" అంది నెమ్మదిగా.

"నాకు మంచినీళ్లు తెచ్చిపెట్టు ఇబాన్. మీ అమ్మ అడిగింది."

ఇబాన్ ఏదో అనబోయింది. ఇంతలో నా పక్కనున్న ముసలావిడ చెయ్యి చాపింది, ఇబాన్ అటు తిరిగి ఆమెకి ఒక ముక్క పెట్టి, వరసలో ముందుకి వెళ్లిపోయింది. నీళ్లు ఎవరూ తేలేదు.